నకలు సరిచూడనిదే అసలు తుడవరాదు

గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో ఎర్రగుడి అనే గ్రామం ఉన్నది. అనంతపురం జిల్లా పొలిమేర దాటి కర్నూలు జిల్లాలో అడుగుపెట్టగానే వస్తుంది. ఆ ఊరి దగ్గర ఒక గుట్ట, ఆ గుట్ట మీద కొన్ని పెద్ద బండలు ఉన్నాయి. వాటి మీద అశోక చక్రవర్తి చెక్కించిన శాసనాలున్నాయి. అవి క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నాటివి. అంటే వాటి వయస్సు 2200 సంవత్సరాలకు పైమాటే.

ఆ అక్షరాలు ఇంతకాలం నిలవడానికి బండ గట్టిదనం ఒక కారణం. అంతకంటే మంచి జాగ్రత్త ఇంకొకటి అశోకుడు తీసుకున్నాడు. ఎర్రగుడిలో ఉన్న 14 పెద్ద శాసనాలనే గుజరాతులోని గిర్నారులోను, హిమాలయాల దాపున కాల్సీలోను, ఇప్పటి పాకిస్తానులో ఉన్న షాబాజ్‌గఢీలోను కూడా చెక్కించాడు. ఒకచోట బండ పగిలిపోయినా, మరొకచోట మాట నిలుస్తుంది గదా!

ఇందులో మరొక విశేషం ఉన్నది. ఆ 14 శాసనాల్లో చివరిదానిలో, కొన్నిచోట్ల రాత అసంపూర్ణంగా ఉండవచ్చుననీ, అందుకు రాసినవాడి పొరపాటు కూడా కారణం కావచ్చుననీ చక్రవర్తి ముందే చెప్పి ఉంచాడు. అంత పెద్ద చక్రవర్తికే నకళ్ళ మీద పూర్తి నమ్మకం లేదన్న మాట! ఎర్రగుడిలోని చిన్న శాసనాన్ని చూస్తే ఆ అనుమానం సబబే అనిపిస్తుంది. అందులో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. దుక్కి దున్నే ఎద్దు చాలు చివర తిరిగి వచ్చినట్టుగా ఉంటుంది ఆ రాత. అటువంటిదానికి నకలు తీయవలసినవాడు ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని తీయాలో ఆలోచించండి.

నకలు తీయటం, పాతదాన్ని తీసివేయటం—ఈ రెండు పనులూ మనుషులు వేల ఏళ్ళుగా చేస్తున్నవే. పూర్వం తాళపత్రాలు శిథిలమైతే పండితులు కొత్త ఆకుల మీద నకలు రాసుకునేవారు. పాత ఆకులను నీటిలో కలపటం కూడా కద్దు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, తరువాత వేమన పద్యాల మీద మనస్సు పడ్డాడు. ఒకే పద్యానికి అనేక ప్రతులు తెప్పించాడు. పండితులకు జీతాలిచ్చి వాటిని ఒకదానితో ఒకటి పోల్చి చూపించుకున్నాడు. ఏ ప్రతిలోనూ పొరపాట్లు లేకపోతే అంత శ్రమ ఎందుకు? ఆ వేమన సమాధి మన కదిరి దగ్గర కటారుపల్లెలోనే ఉన్నది.

ఈ రోజుల్లో తాళపత్రాల పని కంప్యూటరు చేస్తున్నది. పండితుడు వారం రోజులు రాసేదాన్ని అది రెప్పపాటులో నకలు తీస్తుంది. రెప్పపాటులో తుడిచి కూడా వేస్తుంది. వేగం పెరిగింది గాని, అశోకుడి అనుమానం తీరలేదు. ఆ సంగతి మా ఇంట్లో జరిగిన ఒక విషయం ద్వారా చెబుతాను.

మా ఊరు వాన తక్కువ సీమలో ఉన్నది. అనంతపురం ప్రాంతానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. నైరుతి గాలులు పడమటి కనుమల దగ్గరే చాలావరకు బరువు దించుకుని, చేతులు దులుపుకుని వస్తాయి. తూర్పు సముద్రం మీది గాలులు ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతాయి. అందుచేత మా వాళ్ళకు ఆకాశం కన్న బావి మీదనే చూపు ఎక్కువ.

మా నాయన 1987లో ఒక అలవాటు మొదలుపెట్టాడు. ఒక తాడుకు చివర రాయి కట్టి, బారకు ఒక ముడి వేశాడు. వారానికోసారి ఆ తాడును బావిలోకి వదిలి, నీళ్ళు తగిలేసరికి ఎన్ని ముళ్ళు దిగినాయో చూసేవాడు. ఆ లెక్కను పుస్తకంలో రాసేవాడు. నెలకు ఒక పేజీ, సంవత్సరానికి ఒక పుస్తకం. లెక్క పక్కనే వాన పడిందా లేదా, ఏ చేనులో ఏమి విత్తాము, పశువులకు మేత ఎంత ఉన్నది అనే మాటలు కూడా రెండేసి ముక్కల్లో ఉండేవి. 2019లో కంటిచూపు తగ్గేవరకు ఆయన ఈ పని మానలేదు. మొత్తం 33 పుస్తకాలు, 396 పేజీలు.

ఆ పుస్తకాలు ఊరికే మురిపానికి దాచుకున్నవి కావు. మా అన్న ఏటా తొలకరికి ముందు వాటిని తిరగవేసేవాడు. ఫలానా సంవత్సరం వైశాఖంలో నీళ్ళు ఇంతలో ఉంటే, ఆ ఏడు చెనిక్కాయ ఎంత పండింది? బోరుకు అప్పు చేసినవారికి నీళ్ళు పడ్డాయా? అన్నిటికీ జవాబు అందులోనే దొరికేది. వాటిని చూసే ఒక ఏడు అన్న చెనిక్కాయ తగ్గించి, కొర్ర, ఆముదం వేశాడు. ఆ ఏడు నష్టం తక్కువతో బయటపడ్డాడు.

అయితే మట్టిమిద్దె ఇంట్లో కాగితానికి చెదపురుగే యముడు. అది పుస్తకాల పెట్టెలోకి దారి చేసుకున్నది. సంగతి తెలిసి మా అన్న కూతురు సెలవుల్లో కూర్చుని, సెల్‌ఫోనుతో 396 పేజీలకూ ఫోటోలు తీసి లాప్‌టాప్‌లో పెట్టింది. ఆ అమ్మాయి అప్పుడు 9వ తరగతి చదువుతున్నది. ఆమె ఫోటోలు తీసిన కొద్ది నెలలకే 2002వ సంవత్సరం పుస్తకం పూర్తిగా మట్టి అయింది. ఆ ఏడు దేశమంతటా పెద్ద కరువు వచ్చింది. మా బావిలో అడుగు బండ మొదటిసారి కనిపించింది ఆ ఏడే. పుస్తకం పోయింది గనక, ఇప్పుడు దానికి మిగిలింది ఆ ఫోటోలు మాత్రమే.

ఇంతలో ఆ లాప్‌టాప్‌ను చదువుకుంటున్న ఒక బంధువుల పిల్లవాడికి ఇస్తానని అన్న మాట ఇచ్చాడు. ఫోటోలన్నీ ఒక పెన్‌డ్రైవులోకి నకలు చేసి, లాప్‌టాప్‌ను ఖాళీ చేసే పని అమ్మాయి మీద పడింది. ఆమె బడిలో పైథాన్ నేర్చుకుంటున్నది.

పైథాన్ అంటే కొండచిలువ కాదు. కంప్యూటరుకు పని చెప్పటానికి గీడో వాన్ రోసమ్ అనే హాలెండు దేశస్థుడు తయారుచేసిన భాష. 1991లో అది లోకానికి తెలిసింది. ఆయనకు ఇష్టమైన ఒక ఇంగ్లీషు హాస్య కార్యక్రమం పేరులో నుంచి ఆ మాట తీసుకుని భాషకు పెట్టాడు. ఆ భాషతోపాటు కొన్ని లైబ్రరీలు వస్తాయి. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల బీరువా అనుకోకండి. వడ్రంగి పనిముట్ల పెట్టె అనుకోండి. ఉలి, బాడిస ఎవరో చేసి పెట్టారు. మనం తీసి వాడుకోవటమే. ఫైళ్ళను నకలు చేయటానికి, తీసివేయటానికి పనికివచ్చే పెట్టె పేరు షుటిల్.

ఫైలు అంటే ఒక కాగితం అనుకోవచ్చు. ఫోల్డరు అంటే వెనకటి కరణం గారి దస్త్రం. కరణం గారి పెద్ద మూటలో చిన్న మూటలు, వాటిలో కాగితాలు ఉన్నట్టే, ఫోల్డరులో ఫోల్డర్లు, వాటిలో ఫైళ్ళు ఉంటాయి. బొమ్మ గీస్తే అది కొమ్మలు వేసిన చెట్టులాగా కనిపిస్తుంది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును తలుచుకోండి. అందుకే మొత్తం ఫోల్డరును నకలు చేసే పనిముట్టుకు కాపీట్రీ అనీ, మొత్తాన్ని తీసివేసేదానికి ఆర్ఎమ్‌ట్రీ అనీ పేర్లు పెట్టారు. మొదటిది మరొక చోట అటువంటి మానునే మొలిపిస్తుంది. రెండవది కొమ్మలతోసహా మానును వేరు వరకు నరికివేస్తుంది.

ఈ పనిముట్ల స్వభావాలు మనుషుల స్వభావాల్లాగే వేరువేరుగా ఉంటాయి. కాపీ అనేది ఒక్క ఫైలును నకలు చేస్తుంది. చేరవలసిన చోట అదే పేరుతో మరొక ఫైలు ఉంటే, మారు మాట్లాడకుండా దాని మీదనే రాసేస్తుంది. కాపీ2 అనేది ఫైలుకు సంబంధించిన తేదీలను కూడా వీలైనంతవరకు నిలబెడుతుంది. కాపీట్రీ మర్యాదస్తురాలు. చేరవలసిన చోట ఆ పేరుతో ఫోల్డరు ముందే ఉంటే, “ఇక్కడ ఎవరో ఉన్నారు, నేను రాను” అని ఆగిపోతుంది. ప్రత్యేకంగా అనుమతి ఇస్తేనే లోపలికి పోతుంది. ఆర్ఎమ్‌డిర్ అని మరొకటి ఉన్నది. అది ఖాళీ ఫోల్డరును మాత్రమే తీస్తుంది. లోపల ఒక్క ఫైలు ఉన్నా కదలదు. ఆర్ఎమ్‌ట్రీకి మాత్రం అటువంటి దయాదాక్షిణ్యాలు లేవు. “నిజంగా తీసివేయనా?” అని అడగదు. చెత్తబుట్టలో పెట్టి నాలుగు రోజులు ఉంచదు.

అమ్మాయి రెండు చిన్న ప్రోగ్రాములు రాసుకున్నది. మొదటిది కాపీట్రీతో నకలు తీసేది, రెండవది ఆర్ఎమ్‌ట్రీతో తుడిచేది. నేను అనంతపురం నుంచి పండుగకు పోయేసరికి మొదటిది నడిచిపోయింది. రెండవది నడపబోతున్నది.

“నకలు సరిగా వచ్చిందా, పాపా?” అని అడిగాను.

“వచ్చింది చిన్నాయనా. చివర్లో ఎర్ర అక్షరాలు ఏవో చాలా వచ్చినాయి గాని, నేను లెక్కపెట్టినాను. 33 ఫోల్డర్లూ ఉండాయి. 396 ఫైళ్ళూ ఉండాయి. పేర్లన్నీ సరిపోయినాయి,” అన్నది.

“పేర్లు సరిపోయినాయి సరే. హాజరుపట్టీలో పేరున్నంత మాత్రాన పిల్లవాడు బడికి వచ్చినట్టేనా? పేజీలు తెరిచి చూశావా?”

ఆమె అక్కడొకటి ఇక్కడొకటి తెరిచింది. బాగానే ఉన్నాయి. “2002 తెరువు,” అన్నాను. మొదటి ఐదు నెలలు బాగానే కనిపించాయి. తరువాత ఒక పేజీలో పైసగం మాత్రమే మా నాయన రాత ఉన్నది. కింది సగమంతా బూడిదరంగు. మిగిలిన ఆరు పేజీలు తెరుచుకోనే లేదు. వాటి బరువు చూస్తే సున్నా!

అమ్మాయి ముఖం పాలిపోయింది. “జేజినాయన రాసింది ఇంకెక్కడా లేదు గదా!” అన్నది. వంటయింటి గడప దగ్గర నిలబడిన మా వదిన, “ఇంకా తుడపలేదు గదమ్మా, ఏడవద్దు,” అన్నది.

జరిగింది ఏమిటంటే, ఆ పెన్‌డ్రైవులో అంతకుముందే కొన్ని సినిమాలు ఉన్నాయి. ఫోటోలు పోతూ పోతూ ఉండగా చోటు అయిపోయింది. కంప్యూటరు ఫోల్డర్లను మనం అనుకున్న వరుసలో తీసుకోవాలని నియమం లేదు గనక, 2002 అన్నిటికన్న చివర పడింది. నకలు తీసేటప్పుడు కంప్యూటరు ముందుగా అక్కడ ఆ పేరుతో ఒక ఖాళీ ఫైలు తెరుస్తుంది. తరువాత దాన్ని నింపుతుంది. పేరు రాయటానికి చోటు చాలింది; నింపటానికి చాలలేదు. ధాన్యం కొలిచేవాడు గోతాలన్నిటి మీదా ముందే పేరు రాసి, గింజలు చాలక చివరి గోతాలను ఖాళీగా వదిలినట్టు అయింది.

మరి కాపీట్రీ ఈ మాట చెప్పలేదా? చెప్పింది. ఒక ఫైలు దగ్గర అడ్డంకి వస్తే అది పని మానివేయదు. మిగిలినవాటిని కూడా ప్రయత్నించి చూసి, ఏవేవి కాలేదో జాబితా కట్టి చివరకు ఒక్కసారిగా చెబుతుంది. ఆ ఎర్ర అక్షరాలు ఆ జాబితాయే! అందులో ఆ ఏడు పేజీల పేర్లూ ఉన్నాయి. అమ్మాయి రెండు పనులనూ ఒకే ప్రోగ్రాములో వరుసగా రాసి ఉంటే, ఆ తప్పు రాగానే ప్రోగ్రాము అక్కడే నిలిచిపోయేది, తుడిచే పని దగ్గరకు పోయేదే కాదు. విడివిడిగా రాసింది గనక, రెండవ ప్రోగ్రాముకు మొదటిదాని కష్టం తెలిసే మార్గం లేదు.

ఒకవేళ తుడిచే ఉంటే? కంప్యూటరు ఫైలును తుడవటమంటే, సాధారణంగా అందులోని సమాచారాన్ని రుద్ది చెరపటం కాదు. కరణం గారు తన పుస్తకంలో ఒక సర్వే నంబరును కొట్టివేసినంత మాత్రాన పొలం మాయం కాదు గదా. అట్లాగే, కంప్యూటరు ఆ ఫైలు పేరు కొట్టివేసి, “ఈ చోటు ఖాళీ, ఎవరైనా వాడుకోవచ్చు” అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ చోట మరొకటి రాసేలోపల నేర్పరులు పాతదాన్ని వెలికితీయగలరు. కాని అన్ని వేళలా సాధ్యం కాదు. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే ఎస్ఎస్‌డి అనే రకం నిలవపెట్టెలు ఖాళీ అయిన చోటును తమంతట తామే శుభ్రం చేసుకుంటాయి. ఆ తరువాత తిరిగి దొరకటం దాదాపు కల్ల. కనుక తుడిచినది మళ్ళీ రాదనే అనుకోవాలి.

ఆ రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి, నేను కూర్చుని ఆలోచించాము. ఫైళ్ళను లెక్కపెట్టటం చాలదని తెలిసింది. ఒక్కొక్క ఫైలు బరువును, అంటే దానిలో ఎన్ని బైట్లు ఉన్నాయో పోల్చితే సున్నా ఫైళ్ళు పట్టుబడతాయి. అదీ పూర్తిగా చాలదు. ఎందుకో మీరే చూడండి. మా నాయన పుస్తకంలో 46 అని ఉన్నచోట నకలు తీసేవాడు 64 అని రాశాడనుకోండి. రెండిటిలోనూ అంకెలు రెండే. కూడితే రెండూ 10 అవుతాయి. లెక్క సరిపోయింది, రాత మాత్రం తప్పు.

ఇందుకోసం కంప్యూటరు పండితులు ఒక మంచి ఉపాయం కనిపెట్టారు. ఫైలు మొత్తాన్ని ఒక లెక్కలో వేసి నలిపితే, చివరకు ఒక పొట్టి గుర్తు వస్తుంది. అది ఆ ఫైలుకు వేలిముద్ర వంటిది. షా-256 అనే లెక్కలో ఆ ముద్ర 64 అక్షరాలు ఉంటుంది. ఫైలు చిన్నదైనా పెద్దదైనా ముద్ర అంతే పొడుగు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. అసలుదానికి, నకలుకు ముద్రలు ఒకటే అయితే లోపలి సరుకు ఒకటే అని నిశ్చింతగా ఉండవచ్చు. పైథాన్‌లో ఈ పనికి కూడా ఒక పెట్టె ఉన్నది. దాని పేరు హాష్‌లిబ్.

మరునాడు అన్న గుత్తికి పోయి కొత్త పెన్‌డ్రైవులు రెండు తెచ్చాడు. అమ్మాయి ప్రోగ్రామును తిరగరాసింది. ఈసారి వరుస ఇట్లా ఉన్నది: మొదట చేరవలసిన చోట ఎంత ఖాళీ ఉన్నదో చూడాలి. షుటిల్‌లోనే డిస్క్ యూసేజ్ అనే పనిముట్టు ఆ సంగతి చెబుతుంది. చోటు చాలితే నకలు తీయాలి. తరువాత 396 ఫైళ్ళకూ అసలు ముద్ర, నకలు ముద్ర పోల్చాలి. ఒక్కటి తేడా వచ్చినా దాని పేరు చెప్పి ఆగిపోవాలి. అన్నీ కలిస్తే “కలిసినవి 396” అని రాయాలి. తుడిచే మాట ఆ ప్రోగ్రాములో ఎక్కడా లేదు.

“మరి తుడిచేది ఎప్పుడు?” అని అన్న అడిగాడు.

“పెన్‌డ్రైవు తీసి మళ్ళీ పెట్టి, ఇంకొకసారి ముద్రలు చూసినాక, నాయనా. లాప్‌టాప్ ఇచ్చేది వచ్చే నెల గదా! అంతవరకు తొందర లేదు,” అన్నది అమ్మాయి.

ఇందులో అమ్మాయి సొంతంగా కనిపెట్టిన నీతి ఏమీ లేదు. పనిముట్లు చేసినవారు కూడా ఇదే పాటించారు. షుటిల్‌లో మూవ్ అనేది ఫైలును ఒకచోట నుంచి ఇంకొకచోటికి జరుపుతుంది. లాప్‌టాప్ నుంచి పెన్‌డ్రైవుకు జరపమంటే, అది మొదట అక్కడ నకలు తీస్తుంది. అది కుదిరిన తరువాతనే ఇక్కడిది తీసివేస్తుంది. నడుమ తప్పు వస్తే అసలును ముట్టుకోదు.

వచ్చే నెలలో అమ్మాయి ముద్రలు మరొకసారి చూసింది. రెండు పెన్‌డ్రైవుల్లోనూ కలిసినవి 396. అప్పుడు మా అందరి ఎదుటా తుడిచే ప్రోగ్రాము నడిపింది. కన్ను మూసి తెరిచేలోపల అయిపోయింది. లాప్‌టాప్ బంధువుల ఇంటికి పోయింది. అందులో వాళ్ళ పిల్లవాడు ఇప్పుడు లెక్కలు చేసుకుంటున్నాడట.

మీ ఇంట్లో కూడా ఇటువంటివి ఉంటాయి. అవ్వ చెప్పిన పాట ఫోనులో ఉండవచ్చు, తాత పెళ్ళినాటి ఫోటో ఉండవచ్చు. ఫోను నిండిపోయింది, ఏమైనా తుడవమని అది మొరపెట్టినప్పుడు, ముందు వాటికి వేరే చోట నకలు ఉన్నదా అని చూడండి. ఉన్నదని పేరు చూసి నమ్మకండి. తెరిచి చూడండి, పాటను చివరిదాకా వినండి. ప్రోగ్రాము రాయటం వచ్చిన అన్నలు, అక్కలు ఉంటే ముద్రలు కూడా పోల్చమనండి. ఎర్ర అక్షరాలు కనిపిస్తే విసుక్కోకుండా చదవండి. ఆర్ఎమ్‌ట్రీ వంటి పనిముట్టుతో అలవాటు కావాలంటే, పనికిరాని ఫైళ్ళతో ఒక ఉత్తుత్తి ఫోల్డరు చేసి, దాని మీద ప్రయత్నించండి.

మా నాయన పుస్తకాలు ఇప్పుడు రెండు ఊళ్ళలో ఉన్నాయి. ఒక పెన్‌డ్రైవు మా అన్న ఇంట్లో, రెండవది అనంతపురంలో నా దగ్గర. మూడవది చేసి హిందూపురంలో ఉన్న మా అక్కకు పంపాలని అమ్మాయి పట్టుబడుతున్నది. 2020 నుంచి కాలం ఖాళీగా పోయిందని ఆమెకు బాధ. ఈ మధ్యనే పాత తాడు దులిపి, పోయిన ముళ్ళు మళ్ళీ వేసి, బావిలోకి వదిలింది. రాయి నీళ్ళను తాకేసరికి తొమ్మిది ముళ్ళు దిగినాయి. ఆ సంగతి కొత్త పుస్తకంలో తేదీ వేసి రాసింది.